గుండె తలుపును ఎంతకాలం దాచగలం?



పోయిన సంచికలో మన జిల్లా బోరునీళ్ళలోని ఫ్లోరైడు గురించి రాశాను. ఈసారి పాడిపశువుల టీకాల గురించి రాస్తానని మాట కూడా ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించాలి. ఒక తల్లి అడిగిన ప్రశ్న అందుకు కారణం.

మన సంఘం హోసూరులో జరిపిన ఉగాది వేడుక మీకు గుర్తుండే ఉంటుంది. పచ్చడి పంచడం అయిపోయి, పిల్లల పద్యాల పోటీ నడుస్తూ ఉండగా, కృష్ణగిరి నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె భర్తకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళ తొమ్మిదేళ్ళ పాపకు పుట్టుకతోనే గుండె జబ్బు. ఏడాది వయసులో ఒక ఆపరేషను అయింది. పాప బాగానే పెరిగింది, బడికి పోతోంది. ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోందని చూపిస్తే, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం పోయే దారిలోని తలుపు సరిగా మూసుకోవడం లేదన్నారట. ఆ తలుపును, దానితోబాటు రక్తనాళం ముక్కనూ మార్చాలట.

"అన్నా, చనిపోయినోళ్ళ గుండెలోనుంచి తీసి, ఎన్నాళ్ళో చలిలో పెట్టిన తలుపు నా బిడ్డకు వేస్తారంట. అది చెడిపోయుండదా? ఎట్ల ఒప్పుకునేది?" అని అడిగింది.

నేను వైద్యుణ్ణి కాను. పశుసంవర్ధక శాఖలో 31 ఏళ్ళు పనిచేసి విరమించుకున్నవాణ్ణి. బాగలూరు, బేరికె, సూళగిరి చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది నన్ను ఎరిగింది, మోపెడ్ వెనుక నైట్రోజన్ క్యాను కట్టుకుని ఎదకు వచ్చిన ఆవులకు సూది వేయడానికి వచ్చే మనిషిగానే. "చలిలో దాచే సంగతి నీకు తెలుసు కదన్నా" అని ఆమె నన్నే అడగడానికి కారణం అదే. ఆ రోజు నాలుగు ధైర్యపు మాటలు చెప్పి పంపానే గాని, సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఆ తర్వాత రెండు నెలల పాటు తెలిసిన గుండె వైద్యులను అడిగి, వారు ఇచ్చిన వ్యాసాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆ చెల్లెమ్మకు ఇది నా జవాబు. మిగిలిన వారికి కూడా పనికొస్తుందని ఆశ.

తలుపు సంగతి

గుండెలో నాలుగు గదులు, నాలుగు తలుపులు. వైద్యులు కవాటాలంటారు, వాడుకలో వాల్వులంటాం. రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. ఆ కాపలా వీటిది. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వీటిలో రెండు పెద్ద ధమనుల మొదట్లోనే ఉంటాయి. ఒంటికంతటికీ రక్తం తీసుకుపోయే బృహద్ధమని మొదట్లో ఒకటి, ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమని మొదట్లో ఒకటి. ఒక్కొక్క దానికి తామరరేకుల్లాంటి మూడు పలుచని రెక్కలు. మరొక మనిషి గుండె నుంచి తీసి వాడేది ముఖ్యంగా ఈ రెండింటినే. తలుపుతో బాటు ధమని గొట్టం కూడా కొంత తీస్తారు. దీన్నే హోమోగ్రాఫ్ట్ అంటారు.

తలుపులు కొందరికి పుట్టుకతో చెడి ఉంటాయి. మన దేశంలో మరెందరికో చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్ళవాపుగా మారి, చివరికి గుండెను పట్టుకునే రుమాటిక్ జ్వరం వల్ల చెడతాయి. బాగుచేయడానికి వీలుకాకపోతే మార్చాలి. మార్చడానికి మూడు రకాలున్నాయి.

మొదటిది, లోహంతోను, గట్టి ప్లాస్టిక్ లేదా కార్బన్‌తోను చేసినది. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి ఒక రోగికి అమర్చారు. ఇలాంటివి చాలా ఏళ్ళు మన్నుతాయి. అయితే వాటి మీద రక్తం గడ్డకట్టకుండా బ్రతికినంతకాలం మాత్రలు వేసుకోవాలి, తరచు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆడపిల్ల అయితే రేపు పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్రల వల్ల చిక్కులు వస్తాయి.

రెండవది, పంది గుండె తలుపు గాని, పశువు గుండె చుట్టూ ఉండే పొరతో కుట్టినది గాని. ఊపిరితిత్తుల దారికైతే పశువు మెడలోని సిరను కూడా వాడతారు, దానిలో సహజంగానే తలుపు ఉంటుంది. వీటిని గ్లూటరాల్డిహైడ్ అనే మందులో నానబెడతారు. ఆంబూరు, వాణియంబాడి వైపు బంధువులున్నవారికి తోళ్ళు ఊనడం తెలుసు. తోలు పరిశ్రమలో కూడా ఈ మందును వాడతారు. పచ్చితోలు కుళ్ళకుండా చెప్పుగా మారినట్టే ఈ తలుపు కూడా నిలవకు వస్తుంది. జీవితాంతం ఆ మాత్రలు అక్కరలేదు. కాని పిల్లల ఒంట్లో దీని మీద సున్నం త్వరగా పేరుకుని బిగుసుకుపోతుంది.

మూడవది, మనిషిది. మెత్తగా ఉంటుంది, రక్తం గడ్డకట్టే భయం బహు తక్కువ, మాత్రలు వద్దు. మూత్రపిండం మార్చినప్పటిలా ఒంటి రోగనిరోధక శక్తిని అణచే మందులూ సాధారణంగా అక్కరలేదు. చిక్కల్లా ఇచ్చేవారు దొరకడం, దొరికినదాన్ని నిలవ చేయడం.

మామిడికాయ ఉపమానం

కృష్ణగిరి వారికి మామిడికాయను నిలవ చేసే దారులు నేను చెప్పనక్కరలేదు. చల్లనిచోట పచ్చిగానే ఉంచితే కొన్నాళ్ళు. కోసి ఎండబెట్టి ఒరుగులు చేస్తే ఏడాది. గుజ్జు తీసి గడ్డకట్టిస్తే మళ్ళీ కాపు వచ్చేదాకా. నిలవ ఉండేది అన్నిట్లోనూ మామిడే, కాని ఏ రెండింటి రుచీ ఒకటి కాదు. గుండె తలుపు విషయంలో వైద్యులు అరవై ఏళ్ళుగా వెతికింది కూడా ఇదే. ఎక్కువకాలం ఉండాలి, క్రిములు ఉండకూడదు, రెక్కల మెత్తదనం పోకూడదు.

1962 జూలైలో లండనులో డోనాల్డ్ రాస్, ఆ మరుసటి నెలలోనే న్యూజిలాండ్‌లోని ఆక్లాండులో బ్రయాన్ బారట్ బోయెస్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, చనిపోయినవారి బృహద్ధమని తలుపును బ్రతికున్న రోగికి అమర్చారు. రోగులు కోలుకున్నారు. దాంతో తలుపులకు గిరాకీ పెరిగింది, నిలవ చేయవలసి వచ్చింది. మొదటి ఏళ్ళలో పట్టింది ఒరుగుల దారి. గడ్డకట్టించి, శూన్యంలో తడి లాగేసి ఎండబెట్టేవారు. క్రిములు చావడానికి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, బీటా ప్రొపియోలాక్టోన్ అనే మందు, లేదా రేడియేషన్ వాడేవారు. ఇలా చేసినవి అలమారులో పెట్టుకోవడానికి ఎంతో అనువు. కాని ఒంట్లోకి వెళ్ళాక కొన్నేళ్ళకే రెక్కలు చిరగడం మొదలైంది. క్రిములను చంపిన మందే రెక్కల్లోని నారను కూడా బలహీనపరిచిందన్నమాట.

గులాబీల దారి

1968లో బారట్ బోయెస్ ఆ ఘాటైన మందులు మానేసి, కొన్ని యాంటీబయాటిక్ మందులు కలిపిన ద్రావణంలో తలుపును ఉంచి, 4 డిగ్రీల చలిలో దాచే పద్ధతికి మారాడు. హోసూరు గులాబీతోటల వారు కోసిన పూలను ఎగుమతి అయ్యేదాకా చలిగదిలో ఉంచుతారు కదా, ఆ దారి. రెక్కలు చిరగడం బాగా తగ్గింది. ఆ తలుపులు ఒకప్పటి కంటే ఎన్నో ఏళ్ళు ఎక్కువ పనిచేశాయి.

ఈ దారికి కూడా ఒక హద్దుంది. గులాబీ చలిగదిలో ఉన్నా వాడక మానదు. 4 డిగ్రీల దగ్గర తలుపులోని జీవకణాలు రోజులు గడిచేకొద్దీ చనిపోతూ ఉంటాయి. కొన్ని వారాలలోపే దాన్ని వాడేయాలి. ఆ వారాల్లో ఆ కొలత తలుపు కావలసిన రోగి రాకపోతే, ఇచ్చినవారి దానం వృథా. పిల్లలకు చిన్న కొలతలు కావాలి, చిన్నవి దొరకడమే అరుదు. వారాల లెక్కతో నడిచే బ్యాంకు ఎంతమందికి సరిపోతుంది?

నైట్రోజన్ దారి

ఇక నాకు తెలిసిన దారి. ఫ్రీజరులో పెట్టిన టమాటాను బయటికి తీస్తే నీరుకారి మెత్తబడిపోవడం ఇంట్లో చూసే ఉంటారు. లోపలి నీరు మంచు ముళ్ళుగా మారి కణాలను చీల్చడమే కారణం. ఉత్తగా గడ్డకట్టిస్తే జీవం ఉండదు. 1949లో ఇంగ్లండులో క్రిస్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అనే శాస్త్రవేత్తలు గ్లిసరాల్ కలిపి గడ్డకట్టిస్తే కోడిపుంజు వీర్యకణాలు కరిగించాక మళ్ళీ కదులుతున్నాయని కనిపెట్టారు. ఆ తర్వాత అదే దారిలో ఎద్దుల వీర్యాన్ని నిలవ చేయడం వచ్చింది. 1824లో కుంపిణీ వారి కాలంలో మొదలైన మన మత్తిగిరి పశువుల ఫారం మీదుగా ఎందరో వెళ్ళి ఉంటారు. అక్కడ ఎద్దుల వీర్యాన్ని స్ట్రాలలో నింపి నైట్రోజన్‌లో నిలవచేసే కేంద్రం ఉంది. నా క్యానులో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉండేవి ఆ స్ట్రాలే.

1959లో డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ఇంకొక మందు కూడా గ్లిసరాల్ పనే చేస్తుందని తేలింది. గుండె తలుపులకు ఎక్కువగా వాడేది దీన్నే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మార్క్ ఓబ్రయన్ 1975 నుంచి తలుపులను ఇలా నిలవ చేయసాగాడు. తలుపును మొదట యాంటీబయాటిక్‌లలో శుద్ధిచేసి, పోషక ద్రావణంలో పదింట ఒక పాలు ఈ మందు కలిపి సంచిలో మూస్తారు. నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరుస్తారు. ఆ నెమ్మదిలోనే కణాల్లోని నీరు బయటికి జారుకుంటుంది, ముళ్ళు కట్టడం తగ్గుతుంది. తర్వాత నైట్రోజన్ ఆవిరిలోకి చేరుస్తారు. ద్రవంలో ముంచడం కంటే పైనున్న ఆవిరిలో ఉంచడమే మేలంటారు. ఒక సంచిలోని క్రిమి ద్రవం ద్వారా మరొక సంచికి చేరవచ్చు. లండనులో ఒక నిలవ తొట్టెలో కామెర్ల వైరస్ అలా పాకిందని 1995లో బయటపడింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి క్యాను మూత సరిగా పెట్టకుండా రెండు రోజులు పండగకు వెళ్ళిపోయాను. వచ్చి చూస్తే నైట్రోజన్ అంతా ఆవిరైపోయింది. భయంతో ఎవరికీ చెప్పకుండా మళ్ళీ నింపి, ఆ స్ట్రాలనే 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు కరిగించి పన్నెండు ఆవులకు వేశాను. చూడటానికి స్ట్రాలలో ఏ తేడా లేదు. ఒక్క ఆవు కూడా చూలు కట్టలేదు. ఆ రైతులు మూడు వారాలు నన్ను నమ్మి ఎదురుచూశారు. కంటికి చెడినట్టు కనిపించకపోయినా లోపల జీవం పోవచ్చునని అప్పుడు నేర్చుకున్నాను. చెల్లెమ్మ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చింది ఆ పన్నెండు ఆవులే. కాబట్టే తొందరపడి "ఏమీ కాదు" అనలేకపోయాను.

మరి ఏది మేలు?

నైట్రోజన్‌లో కణాలు బ్రతికే ఉంటాయి గనుక ఆ తలుపు ఎక్కువకాలం మన్నుతుందని మొదట్లో గట్టిగా నమ్మారు. వినడానికి సబబుగానే ఉంది. నేను కూడా అదే అనుకున్నాను. కాని ఓబ్రయన్ బృందం 1969 నుంచి 1998 వరకు బృహద్ధమని తలుపు వేసిన 1,022 మంది రోగులను వదలకుండా గమనించి 2001లో లెక్కలు ప్రకటించింది. 4 డిగ్రీల దగ్గర దాచిన తలుపులకు, నైట్రోజన్‌లో దాచిన వాటికి ఇరవై ఏళ్ళ లెక్కలో తేడా కనబడలేదు. తేడా కనబడింది రోగి వయసులో. నైట్రోజన్‌లో దాచినవి వేసుకున్నవారిలో, పదిహేనేళ్ళ తర్వాత తలుపు అరిగిపోయి మళ్ళీ ఆపరేషను అవసరం పడనివారు, 60 ఏళ్ళు దాటాక వేయించుకున్నవారిలో నూటికి 94 మంది. 20 ఏళ్ళలోపు వేయించుకున్నవారిలో 47 మందే.

దీనికి కారణాలు వెతుకుతూనే ఉన్నారు. లోపల మిగిలిన ఇచ్చినవారి కణాలను చిన్నపిల్లల ఒళ్ళు పరాయివిగా గుర్తుపట్టి దాడి చేయడం ఒక కారణమని చాలామంది అభిప్రాయం. అంటే కణాలను బ్రతికించి ఉంచడం లాభమని మొదలుపెట్టిన ప్రయాణం, ఆ కణాలే చేటేమో అనే అనుమానం దాకా వచ్చింది. అందుకే ఇప్పుడు కొందరు కణాలన్నిటినీ కడిగేసి, నార అల్లికను మాత్రం మిగిల్చే పద్ధతి అనుసరిస్తున్నారు. అమెరికాలో ఇలా కడిగిన పుపుస తలుపు ఒకదానికి 2008లో అనుమతి ఇచ్చారు. జర్మనీలో హానోవర్ వైద్యులు ఈ దారిలో చాలా పనిచేశారు. చెన్నైలో, 2025లో కన్నుమూసిన డాక్టర్ కె.ఎం. చెరియన్ బృందం పశువు మెడ సిరను ఇలా కడిగి వాడటం మీద కృషి చేసింది.

నైట్రోజన్ వల్ల లాభం లేదా మరి అంటారా? ఉంది. అది తలుపుకు ఆయుష్షు పెంచలేదు, తలుపు ఎదురుచూడగలిగే కాలాన్ని పెంచింది. వారాలు కాస్తా ఏళ్ళయ్యాయి. క్రిమి పరీక్షలన్నీ తీరికగా పూర్తిచేయవచ్చు. చిన్నవి, పెద్దవి కొలతల వారీగా పెట్టుకుని, పాపకు సరిపడేది ఎంచుకోవచ్చు. ఇచ్చినవారి దానం వృథా పోదు.

ధమనుల కథ

తలుపుతో వచ్చే ధమని గొట్టానికి ఇంకా పాత కథ ఉంది. 1912లో నోబెల్ బహుమతి పొందిన అలెక్సిస్ కారెల్ అప్పటికే రక్తనాళాలను చలిలో దాచి కుక్కలకు అతికించి చూశాడు. 1948లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్, చలిలో దాచిన మనిషి ధమని ముక్కలతో పిల్లల బృహద్ధమనిలోని ఇరుకును సరిచేశాడు. 1951లో పారిస్‌లో షార్ల్ డ్యుబోస్ట్ ఉబ్బిపోయిన బృహద్ధమనిని తీసి, దాచిన ధమనిని కుట్టాడు. కాని ఏళ్ళు గడిచేకొద్దీ వాటిలో కొన్ని ఉబ్బడం, కొన్ని సున్నం కట్టడం చూసి, 1950 దశకంలోనే డాక్రాన్ వంటి బట్ట గొట్టాలకు మారిపోయారు. నేటికీ బట్ట గొట్టమే మామూలు. అయితే ఆ బట్టకు చీము పడితే మనిషి ధమనే మళ్ళీ అవసరమవుతుంది. అందుకోసం నైట్రోజన్‌లో ధమనులను కూడా దాచి ఉంచుతారు.

ధమనిని దాచడం కంటే కరిగించడం కష్టం. మైనస్ 150 కంటే చల్లగా ఉన్న గొట్టాన్ని ఒక్కసారిగా వెచ్చని నీళ్ళలో ముంచితే, పొయ్యి మీది గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసినట్టు చిట్లుతుంది. ఇంగ్లండులో డేవిడ్ పెగ్ బృందం 1990 దశకంలో దీన్ని పరిశీలించి, మైనస్ 100 దాకా నెమ్మదిగా వెచ్చబెట్టి ఆ తర్వాత త్వరగా కరిగిస్తే పగుళ్ళు రావని చూపింది. మేము స్ట్రాను కరిగించినంత సులువు కాదన్నమాట.

చెల్లెమ్మకు జవాబు

అమ్మా, నీ ప్రశ్నకు వస్తాను. పద్ధతి ప్రకారం దాచిన తలుపు చెడిపోయి ఉండదు. తీసేముందు ఇచ్చినవారికి హెచ్‌ఐవి, కామెర్లు వంటి జబ్బులు లేవని పరీక్షిస్తారు. తీశాక క్రిములు లేవని పరీక్షిస్తారు. అయితే అది శాశ్వతం కూడా కాదు. పాపతో బాటు పెరగదు. పాప పెద్దయ్యాక మరొకసారి మార్చవలసి రావచ్చు. ఇవి డాక్టరుగారిని అడుగు: ఎన్నేళ్ళు వస్తుందని అంచనా? ఆ కొలత దొరకకపోతే పశువు సిర వేస్తారా? దానికీ దీనికీ మా పాప వయసులో తేడా ఎంత? మళ్ళీ మార్చవలసివస్తే ఛాతీ తెరవకుండా తొడ నరం గుండా వేయడం కుదురుతుందా? ఈ ఆఖరిది ఇప్పుడు చాలామందికి చేస్తున్నారు.

ఈ మాటలు ఆమెకు ఫోనులో చెప్పాను. అంతా విని, "మేము ఒప్పుకున్నామన్నా. ఆ కొలతది ఇంకా దొరకలేదంట. దొరికితే ఫోను చేస్తామన్నారు" అంది.

పద్ధతులు పోల్చడానికి కూర్చున్నవాణ్ణి, ఆ మాటతో ఆగిపోయాను. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 1990 దశకం నుంచీ హోమోగ్రాఫ్ట్ బ్యాంకు ఉంది, చెన్నై వైద్యులకూ ఈ పని కొత్త కాదు. యంత్రాలు కొనవచ్చు, నైట్రోజన్ కొనవచ్చు. తలుపును మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాలి.

చెప్పకుండా దాచిన మాట

2014లో మా తమ్ముడు సూళగిరి దగ్గర రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నాడు. బెంగళూరు ఆసుపత్రికి చేర్చాక కాసేపటికే గుండె ఆగిపోయింది. వాడికి 38 ఏళ్ళు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి కళ్ళు ఇస్తారా అని అడిగింది. మరదలు తలూపింది. ఆ అమ్మాయి ఇంకా మెల్లగా, గుండె ఆగిపోయినా అందులోని తలుపులు పనికొస్తాయి, ఇవ్వగలరా అని అడిగింది.

మా అమ్మ, "కళ్ళిస్తాం తల్లీ. గుండెకాయ తీస్తే వాడు ఎట్ల పోతాడు?" అంది. అందరూ నా వైపు చూశారు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి, చలిలో ప్రాణాన్ని దాచే పని ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నవాణ్ణి. పోయిన ఎద్దు దూడలు పదేళ్ళ తర్వాత పుట్టడం నా చేతుల మీదుగా చూసినవాణ్ణి. ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ వినేదేమో. నేను తల దించుకున్నాను. ఆ అమ్మాయి చేతులు జోడించి వెళ్ళిపోయింది.

అమ్మను నేను తప్పుపట్టను. ఆ గంటలో ఏ తల్లయినా అంతే. ఆ గంటలో మొదటిసారి వినవలసిన మాట కాదది. ముందుగా ఇంట్లో, అన్నాల దగ్గర, పండగ నాడు మాట్లాడుకోవలసిన మాట. నేను రాయదలచింది ఇదే.

కాబట్టి తెలిసింది చెబుతాను. మెదడు మరణం సంభవించినవారే కాదు, గుండె ఆగి పోయినవారు కూడా తలుపులు ఇవ్వవచ్చు. శరీరాన్ని చల్లగా ఉంచితే సాధారణంగా 24 గంటల లోపు తీయవచ్చునంటారు. మరొకరికి మార్చడానికి పనికిరాని గుండెలో కూడా తలుపులు బాగుండవచ్చు. గుండె మార్పిడి చేయించుకున్న రోగి పాత గుండె నుంచి కూడా బాగున్న తలుపును తీసి ఇంకొకరికి వాడటం ఉంది. తీశాక ఛాతీని కుట్టి, శరీరాన్ని గౌరవంగా అప్పగిస్తారు. అంత్యక్రియలకు ఏ లోటూ ఉండదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని 2011లో సవరించి ఇలాంటి కణజాలాలను కూడా అందులో చేర్చారు. డబ్బు ఇచ్చి పుచ్చుకోవడం నేరం. అవయవదాతల అంత్యక్రియలను ప్రభుత్వ మర్యాదలతో జరుపుతామని తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రకటించింది.

ఈ వ్యాసం రాయడానికి ముందు అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు ఇప్పుడు 84 ఏళ్ళు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పాపకు సరిపోయుండునా రా, మనోడిది?" అని అడిగింది. పెద్దవాళ్ళ తలుపు కొలత వేరమ్మా, మరెవరికో సరిపోయుండేది అన్నాను. "ముందే చెప్పాల్సింది కదరా" అంది.

మీ ఇంట్లోనూ ఒకరోజు ఈ మాట ఎత్తండి. అవును, కాదు ఏదైనా సరే, ముందే అనుకుని ఉండండి. సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి కృష్ణగిరి పాపకు ఇంకా ఫోను రాలేదు. పాప మాత్రం వచ్చే ఉగాదికి పద్యం చెబుతానని పేరు ఇచ్చింది.

పాడిపశువుల టీకాల గురించి వచ్చే సంచికలో తప్పకుండా ముచ్చటించుకుందాం. అంతవరకు సెలవు.